కొల్లేరు: కాంటూరు గీతకు ఇరువైపులా

సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున కాగితం మీద గీసిన ఒక గీత పాతికేళ్లుగా కొల్లేటి ప్రజల బతుకుదెరువునూ, ఆ ప్రాంత రాజకీయాన్నీ, న్యాయస్థానాల్లోని వాదోపవాదాలనూ నడిపిస్తోంది. గీతకు లోపల ఉన్నది అభయారణ్యం, వెలుపల ఉన్నది మామూలు రెవెన్యూ భూమి. ఆ గీతను మూడో కాంటూరుకు, అంటే సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీతకు, దించితే గాని సరస్సు లోపలి లంక గ్రామాలు బతకవని ఒక పక్షం, దించితే సరస్సే మిగలదని మరో పక్షం వాదిస్తున్నాయి. డెల్టా డ్రెయిన్ల పనుల్లో ఉద్యోగజీవితం గడిపిన ఇంజినీరుగా నేను ఈ రెండు వాదాలకూ కొంత ఎడంగా నిలబడతాను. కొల్లేట్లో నీటిమట్టాన్ని వాన ఎంత నిర్ణయిస్తుందో, అక్కడి భూమి ఎవరి పేర ఉంది, ఎవరి చేతికి ఏ షరతుల మీద గుత్తకు పోయింది అన్న సంగతి కూడా అంతే నిర్ణయిస్తుందన్నది ఈ కేస్ స్టడీలో నేను చూపదలచిన విషయం. కాబట్టి గీత ఎక్కడ ఉండాలన్న ప్రశ్నతో మొదలుపెట్టిన పరిష్కారం ఏదీ నిలవలేదు.

మనుషులు నీటి దారిని మార్చడం, మారిన నీరు మనుషుల వృత్తులనూ నివాసాలనూ మార్చడం, ఆ మార్పు తిరిగి నీటి మీదకు రావడం అనే వలయాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేయాలని 2012లో మురుగేశు శివపాలన్, ఆయన సహ పరిశోధకులు ప్రతిపాదించారు. దాన్ని సామాజిక జలశాస్త్రం అంటున్నారు. ఆ శాస్త్రానికి పాఠ్యపుస్తకం రాయదలచిన వారికి కొల్లేరు కంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టమని నా అభిప్రాయం. ఎందుకంటే ఇక్కడ నూట డెబ్భై ఏళ్ల చరిత్రలో ప్రతి దశా దాని ముందరి దశలో చేసిన ఒక మంచి పని నుంచే పుట్టింది.

పల్లం, దాని లెక్కలు

కృష్ణా, గోదావరి నదులు వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి తమ తమ డెల్టాలను సముద్రం వైపు పెంచుకుంటూ పోగా, రెండింటి మధ్య పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. మైలవరం, చింతలపూడి వైపు మెట్ట ప్రాంతాల నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏర్లు ఇందులోకి దిగుతాయి. రెండు డెల్టాల పొలాల్లో వాడగా మిగిలిన నీటిని తెచ్చే డ్రెయిన్లు, కాలువలు అరవైకి పైగా దీనిలో కలుస్తాయి. మొత్తం పరివాహక ప్రాంతం సుమారు 4,700 చదరపు కిలోమీటర్లు. ఇంత నీటికి బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. అది ఆకివీడు మీదుగా వంకరలు తిరుగుతూ అరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బంగాళాఖాతంలో కలిసే ఉప్పుటేరు.

కొల్లేరు లోతైన సరస్సు కాదు, అంచుల్లేని పళ్లెం లాంటిది. మూడో కాంటూరు దగ్గర దాని విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. అయిదో కాంటూరుకు వచ్చేసరికి అది 308, ఏడో కాంటూరు దగ్గర 675, పదో కాంటూరు దగ్గర 901 చదరపు కిలోమీటర్లు అవుతుంది. 2002 ఆగస్టులో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు పొందినది ఈ 901 చదరపు కిలోమీటర్ల ప్రాంతమే. ఈ కాంటూర్లన్నీ అడుగుల్లో లెక్క అని గుర్తుంచుకోవాలి. మూడు నుంచి ఏడుకు, అంటే నాలుగడుగులు మట్టం పెరిగితే నీరు పరచుకునే మేర అయిదు రెట్లవుతుంది. నిటారు గట్లున్న రిజర్వాయరు దగ్గర పనిచేసిన ఇంజినీరుకు నాలుగడుగులు గేటు దగ్గరి చిన్న సర్దుబాటుగా కనిపిస్తాయి. కొల్లేట్లో ఆ నాలుగడుగుల్లో మండలాలే మునుగుతాయి.

నిల్వ లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. పై విస్తీర్ణాల సగటు తీసుకుంటే మూడు, అయిదు కాంటూర్ల మధ్య పట్టే నీరు 4.8 టీఎంసీల దాకా ఉంటుంది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అయిదు, ఏడు కాంటూర్ల మధ్య మరో పదిన్నర టీఎంసీలకు పైగా పడుతుంది. పెద్ద వరదలో అన్ని వైపుల నుంచీ కొల్లేటికి చేరగల ప్రవాహం లక్ష క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష ఘనపుటడుగులు, దాటుతుందని డ్రెయినేజీ అంచనాలు చెబుతున్నాయి. ఉప్పుటేరు మోయగలిగింది మహా అయితే పదిహేను వేలు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే 8.6 టీఎంసీలు లోపలికి వస్తాయి, 1.3 టీఎంసీలు బయటికి పోతాయి. మిగిలిన ఏడు టీఎంసీల చిల్లర ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కొల్లేటి నేల. ఆ నేలను మనం ఏం చేశామన్నదే మిగతా కథంతా.

ఆనకట్టలు తెచ్చిన నీరు

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టిన తరువాత రెండు నదుల మీదా ఆనకట్టల ఆలోచనకు బలం వచ్చింది. ఆర్థర్ కాటన్ నాయకత్వంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, ఆయన సమర్థించిన బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. కృష్ణ నుంచి వచ్చే ఏలూరు కాలువ, గోదావరి నుంచి వచ్చే ఏలూరు కాలువ ఏలూరు దగ్గర కలిసి రెండు నదులనూ పడవల దారితో ముడివేశాయి. డెల్టా అన్నపూర్ణ కావడం గురించి తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ అన్నపూర్ణ విడిచిన నీరు ఎక్కడికి పోయిందన్న దాని మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు.

అంతకు ముందు కొల్లేరు వానాకాలంలో నిండి వేసవికి వెనక్కి తగ్గే సరస్సు. నీరు తగ్గిన నేల మీద పశువులు మేసేవి, తేమ ఉన్నచోట పంట వేసేవారు. ఆనకట్టల తరువాత వరిచేల మురుగునీరు సాగుకాలమంతా వచ్చి చేరడం మొదలైంది. వాన లేని నెలల్లో కూడా నీరు నిలిచే మంచినీటి సరస్సుగా కొల్లేరు స్థిరపడడంలో ప్రకృతికి ఎంత పాత్ర ఉందో డెల్టా కాలువలకూ అంత ఉంది. అందుకే కొల్లేటిని పూర్వస్థితికి తేవాలి అన్న మాట వింటే ఏ పూర్వస్థితికి అని అడగాలనిపిస్తుంది. 1850కి ముందున్నది ఒక కొల్లేరు. మన తాతలు చూసినది మరొకటి. అది అప్పటికే మనుషులు మార్చినది.

డెల్టాలో వరి విస్తరించినకొద్దీ పొలాల్లో నీరు నిలిచిపోతోందన్న ఫిర్యాదులు పెరిగాయి. 1964 నాటి ముంపు తరువాత మిత్రా కమిటీ డెల్టా మురుగునీటి పారుదలను సమగ్రంగా పరిశీలించింది. దాని కొనసాగింపుగా 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల డ్రెయినేజీ సెస్సు చట్టం వచ్చి, ఆయకట్టు రైతులే డబ్బు కట్టి డ్రెయిన్లు బాగుచేయించుకునే పద్ధతి మొదలైంది. పొలం నుంచి నీరు త్వరగా దిగిపోవాలని కోరుకోవడం రైతు హక్కు, దాన్ని తప్పుపట్టే ప్రశ్నే లేదు. అయితే వెడల్పు చేసిన ప్రతి డ్రెయినూ తన నీటిని మునుపటికంటే తొందరగా తెచ్చి కొల్లేట్లో దింపింది. ఉప్పుటేరు మాత్రం అంతే ఉండిపోయింది. సెస్సు కట్టిన పైఆయకట్టు రైతుకు రెండు రోజుల్లో తగ్గిన ముంపు, ఏ సెస్సూ కట్టే స్తోమత లేని లంక గ్రామంలో అదనపు రోజులుగా తేలింది. డ్రెయినేజీ పథకాల ప్రయోజనాలను లెక్కకట్టే పట్టికల్లో ఈ బదిలీకి కాలమ్ ఉండదు.

చెరువు సంక్షేమంగా పుట్టింది

సరస్సు లోపల 46, చుట్టూ 76 గ్రామాలున్నాయి. లోపలి లంకల్లో అధికులు వడ్డి కులస్థులు, వారి తరువాత దళితులు. వలలు, వెదురు మావులు, తాటిదోనెలు వారి పనిముట్లు, కొర్రమీను, వాలుగ, మార్పు, జెల్ల వారి రాబడి. సరస్సు గర్భంలో వేసుకున్న వరి వరుస వరదలకు పోతుండడంతో, 1970ల మధ్యలో జలగం వెంగళరావు ప్రభుత్వం ఈ పేద కుటుంబాలకు చేపల పెంపకం చూపించాలని నిశ్చయించింది. 1976 ప్రాంతంలో సహకార సంఘాలు ఏర్పరచి, ప్రభుత్వ ఖర్చుతో గట్లు పోయించి చెరువులు అప్పగించింది. ఇవాళ కొల్లేరు ఆక్రమణ అనగానే కనిపించే చేపల చెరువు మొదట అధికారిక సంక్షేమ పథకంగానే సరస్సులోకి వచ్చిందన్న సంగతిని చర్చల్లో ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా మరిచిపోతుంటాయి.

చెరువు చేతికి వచ్చింది గాని పెట్టుబడి రాలేదు. బొచ్చె, శీలావతి పిల్లలు వదలాలంటే డబ్బు, తవుడు, చెక్క, ఎరువు వేయాలంటే డబ్బు, నీరు ఎత్తిపోయాలంటే డీజిల్‌కు డబ్బు, పట్టుబడి అయ్యాక ఐసు పెట్టి హౌరాకో అస్సాంకో లారీ పంపాలంటే అంతకు మించిన పరపతి కావాలి. సంఘంలోని సభ్యుడికి ఇవేవీ లేవు. కనుక సంఘం చెరువును బయటి పెట్టుబడిదారుకు గుత్తకిచ్చి, వచ్చిన మొత్తాన్ని కుటుంబాలకు పంచడం ఆనవాయితీ అయింది. సభ్యుడు తన చెరువు మీదే కాపలాదారుగానో వలపట్టు కూలీగానో మిగిలాడు. అయినా ఏటా చేతికొచ్చే ఆ సొమ్ము వరదకు పోయే వరి కంటే నమ్మకమైనది. గుత్త పద్ధతిని దోపిడీ అనేసి వదిలేసేవారు ఈ నమ్మకం విలువను తక్కువ అంచనా వేస్తారు.

ప్రభుత్వం మొదలుపెట్టిన చెరువుల పక్కన ప్రైవేటు చెరువులు లేచాయి. 2004 నాటి ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలో సరస్సులో వెయ్యికి పైగా చెరువులు, అవి ఆక్రమించిన విస్తీర్ణం సుమారు వంద చదరపు కిలోమీటర్లు అని తేలింది. ఇంజినీరుకు ఈ సంఖ్య అర్థం ఏమిటో పైన వేసిన లెక్కకు తగిలించి చూద్దాం. లక్ష క్యూసెక్కుల వరదలో ఒక రోజు నికరంగా మిగిలే 7.3 టీఎంసీలను 308 చదరపు కిలోమీటర్ల మీద పరిస్తే, అంచులు ఇంకా విస్తరించే సంగతి పక్కన పెడితే, మట్టం రెండడుగుల రెండంగుళాలు పెరుగుతుంది. అందులో వంద చదరపు కిలోమీటర్లను గట్లు కట్టి నీటికి అందకుండా చేస్తే అదే నీరు మూడడుగుల మూడంగుళాలు లేస్తుంది. ఇది మోటు లెక్కే, అసలు వరదను లెక్కించాలంటే గంట గంటకూ మారే ప్రవాహాలు తీసుకోవాలి. అయినా విషయం స్పష్టం. ఒక్క రోజులో అదనంగా లేచే ఆ అడుగు, అడుగుకు వంద చదరపు కిలోమీటర్లకు మించి పరచుకునే నేలలో ఎన్ని ఇళ్ల గుమ్మాలు దాటుతుందో ఊహించవచ్చు. వరద సమయంలో చెరువు యజమాని గట్టు మరింత ఎత్తు చేస్తాడు. ఆ ఎత్తు పక్కవాడి గట్టును ఎత్తు చేయిస్తుంది.

ఈ గొలుసు అభయారణ్యం గీత దగ్గర ఆగలేదు. సరస్సు చుట్టూ ఉన్న బెల్టు గ్రామాల్లో నేను ఎక్కువ కాలం చూసిన మార్పు ఇదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. వరిపొలాల మధ్య ఒక రైతు తన పొలాన్ని చెరువుగా మార్చుకుంటాడు. నాలుగు వైపులా గట్టు లేస్తుంది, అంతవరకు పొలం నుంచి పొలానికి పారుతూ బోదెలోకి, అంటే చేల పక్కన ఉండే చిన్న కాలువలోకి, దిగిన వాననీరు అక్కడ ఆగిపోతుంది. పై పొలం వాడి సార్వా నాట్లు కుళ్లిపోతాయి. చెరువు నీరు గట్టు కింద నుంచి ఊరుతూ పక్క చేలో తడి ఆరనివ్వదు, దాళ్వా కోతకు మిషను దిగదు. రెండు మూడు ఏళ్లు నష్టపోయిన పక్క రైతుకు చేపల చెరువుకు కౌలుగా ఇవ్వడం తప్ప వేరే దారి కనబడదు. అతని చెరువు మరొకరికి అదే పని చేస్తుంది. ఇలా ఊళ్లకు ఊళ్లు మారిపోయిన తరువాత అధికారిక రికార్డుల్లో ప్రతి మార్పూ యజమాని ఇష్టప్రకారం జరిగినట్లే ఉంటుంది. మొదటివాడి ఎంపిక రెండోవాడికి నిర్బంధమైందన్న సంగతి ఏ దరఖాస్తులోనూ కనిపించదు. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఈ గొలుసుకు ఉప్పు తోడైంది. ఉప్పునీటి బోర్ల నుంచి తోడిన నీరు చెరువులో నిలిస్తే పక్క చేలో వరి ఇక మొలవదు. వరి నుంచి చేపకు వెళ్లిన నేల కొంత కష్టంతో వెనక్కి రావచ్చు. ఉప్పెక్కిన నేల అంత తేలికగా రాదు.

చెరువుగట్లు లంక గ్రామాలకు ఇంకొక మేలు కూడా చేశాయి. అవే రోడ్లయ్యాయి. పడవ తప్ప దారి లేని ఊళ్లకు ఆటో, అంబులెన్సు, కాలేజీ బస్సు వచ్చాయి. ఆ రోడ్డు కావాలని కోరుకున్న తల్లిని పర్యావరణం పేరు చెప్పి తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కాని పడవలు పోవడంతో పడవదారులను చూసుకునేవారూ పోయారు. రోజూ దోనెలు తిరిగిన కాలంలో గుర్రపుడెక్కను, కిక్కిసను తొలగించి నీటిదారిని తెరిచి ఉంచడం ఎవరికి వారికి అవసరం, దానికి ప్రభుత్వ అంచనాలు అక్కరలేదు. ఇప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీద పెద ఎడ్లగాడి వంతెన ఖానాల్లో, అంటే నీరు పారే కంతల్లో, డెక్క అడ్డుపడితే టెండరు పిలిచి తీయించాలి, తీసేలోగా వరద వచ్చి పోతుంది. డెక్క ఇంతగా పెరగడానికి పట్టణాల మురుగు, వరిచేల ఎరువులు, చెరువుల్లో వేసే మేత కలిసి సరస్సుకు ఇస్తున్న పోషకాలు కారణం. చుట్టూ నీరున్నా లంకల్లో వేసవిలో తాగునీరు కొనుక్కోవలసి రావడానికి కూడా ఆ మూడే కారణం.

గట్లు పగిలాయి, గుత్తలు మిగిలాయి

1999 అక్టోబరులో అయిదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటిస్తూ తుది ఉత్తర్వు వెలువడింది. సంప్రదాయ పద్ధతిలో చేపల వేటకు మినహాయింపు ఇచ్చి, చెరువుల పెంపకాన్ని నిషేధించారు. ఆ గీత లోపల సుమారు పదిహేను వేల ఎకరాలు జిరాయితీ (సొంత పట్టా) భూములు, మరో అయిదు వేల ఎకరాలకు పైగా డి-ఫారం పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూములు ఉన్నాయి. హక్కుపత్రాలున్న ఈ భూములకు పరిహారం తేల్చకుండానే గీత గీయడం ఈ కేసులో అతి ఖరీదైన నిర్ణయమని నేను అనుకుంటాను. పరిహారం అప్పుడే ఇచ్చి ఉంటే, గీతను దించాలన్న డిమాండుకు బలమైన ఆధారం ఒకటి అప్పుడే పోయేది.

2005 సెప్టెంబరు వరదలు విజయవాడను, కొల్లేటి గ్రామాలను ముంచాక ప్రభుత్వం కదిలింది. అటవీ కేసుల కోసం ఏర్పడిన కేంద్ర సాధికార కమిటీ నివేదిక మీద సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. ఆ ఏడాది ఆపరేషన్ కొల్లేరు పేరిట పొక్లెయినర్లు, పేలుడు పదార్థాలు వాడి వందల చెరువుల గట్లు పగలగొట్టారు. దేశంలో చిత్తడి నేలల కోసం ఇంత పెద్ద ఎత్తున జరిగిన కూల్చివేత మరొకటి లేదని చెప్పవచ్చు. దాని సంకల్పాన్ని తక్కువ చేయలేం. కాని జలప్రవాహం దృష్టితో చూస్తే చాలాచోట్ల గట్లకు గండ్లు కొట్టారే తప్ప మట్టిని తరలించలేదు. గండి పడిన గట్టు ప్రవాహాన్ని ఇంకా అడ్డుకుంటూనే ఉంటుంది. దాన్ని పూడ్చి మళ్లీ చెరువు చేయడానికి అయ్యే ఖర్చు కొత్త చెరువు తవ్వకంలో చిన్న భాగమే. మరోవైపు సామాజికంగా ఏం జరిగిందంటే, చెరువుతో పాటు గుత్త సొమ్ము, కాపలా జీతం, పట్టుబడి కూలీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సరస్సులో స్వేచ్ఛగా వేటాడుకోవచ్చని చట్టం చెప్పింది గాని, ముప్పై ఏళ్లుగా దోనె పట్టని తరానికి వలలూ లేవు, మురుగుతో నిండిన సరస్సులో మునుపటి చేపా లేదు. నష్టం భరించగల పెట్టుబడిదారు బెల్టు ప్రాంతానికి మారి చెరువులు తవ్వాడు, లంక కూలీ పని వెతుక్కుంటూ పట్టణానికి పోయాడు.

తరువాతి ఏళ్లలో గట్లు మళ్లీ లేచాయంటే అందులో వింత లేదు. పెట్టుబడి పెట్టేవాడు ఉన్నాడు, గుత్తకిచ్చేవాడు ఉన్నాడు, సగం గట్టు నేల మీదే ఉంది. 2008లో గీతను మూడో కాంటూరుకు దించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ విస్తీర్ణం తగ్గించవద్దని, ప్రైవేటు భూములకు మాత్రం పరిహారం ఇవ్వాలని సూచించింది. కమిటీ మాటలో మొదటి సగం అభయారణ్యాన్ని సమర్థించేవారికి, రెండో సగం గ్రామస్థులకు ఆయుధమయ్యాయి. రెండూ కలిపితేనే అర్థమున్న సిఫారసును ఎవరి సగం వారు పట్టుకున్నారు.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పి ముందుకు పోతాను. గీతను మూడుకు దించినా వరద మూడు దగ్గర ఆగదు. మూడు, అయిదుల మధ్య ఉన్న 173 చదరపు కిలోమీటర్లు చట్టప్రకారం చెరువులకు తెరుచుకుంటే, 4.8 టీఎంసీల నిల్వలో పెద్ద భాగం పోయి, ఆ నీరు ఏడో కాంటూరు వైపున్న, ఇప్పటివరకు అభయారణ్యంతో ఏ పేచీ లేని గ్రామాల మీదకు చేరుతుంది. అలాగని గీతను అయిదు దగ్గర గట్టిగా కాపాడినంత మాత్రాన సరస్సు బాగుపడదు. దానిలోకి వచ్చే నీటినీ, బయటికి పోయే దారినీ శాసించేవి గీతకు ఎంతో దూరంలో ఉన్నాయి.

రెండు చివరలు

ఒక చివర ఉప్పుటేరు. దాన్ని వెడల్పు చేసి, వంకరలు తీసి, నేరుగా సముద్రానికి కలిపితే ముంపు తీరుతుందన్న ఆలోచన చాలా పాతది. ఈ సూచన చేసేవారు తరచు చిల్కా సరస్సును చూపిస్తారు. 2000 సెప్టెంబరులో అక్కడ సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వగా ఉప్పు, చేప, వలస పక్షి అన్నీ తిరిగొచ్చిన మాట నిజం. అయితే చిల్కాకు ఉప్పు తగ్గడమే జబ్బు. కొల్లేరు మంచినీటి సరస్సు, దానికి ఉప్పు రావడమే జబ్బు. వేసవిలో సరస్సు మట్టం తగ్గినప్పుడు ఆటుపోట్లు ఉప్పుటేరు వెంట ఉప్పునీటిని పైకి తోస్తున్నాయి. దారిని ఇంకా సాఫీ చేస్తే వరద ఎంత సులువుగా దిగుతుందో ఉప్పు అంత సులువుగా ఎక్కుతుంది. అందుకే పూడిక తీతకు, ఆటుపోట్లను ఆపే రెగ్యులేటర్లకు అంచనాలు ఒకే ఫైలులో నడవాలి. ఒకటి మంజూరై మరొకటి ఆగితే పరిస్థితి ముందుకంటే చెడుతుంది. రెగ్యులేటరు కట్టినా దాని గేట్లు ఎప్పుడు దించాలన్నది మళ్లీ మనుషుల మధ్య తగాదాయే. మంచినీటి చేపలవారికి, తాగునీటి చెరువులు నింపుకునే పంచాయతీలకు గేటు మూసి ఉండాలి. ఉప్పునీరు కావలసిన రొయ్యల రైతుకు అది తెరిచి ఉండాలి.

రెండో చివర ఎగువన ఉంది. బుడమేరు నీటిలో కొంత భాగాన్ని వెలగలేరు దగ్గర మళ్లించి ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలుపుతారు, మిగిలినది విజయవాడ అంచుల మీదుగా కొల్లేటికి వస్తుంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీరు కూడా పోలవరం కుడి కాలువ గుండా ఇదే మళ్లింపు దారిలో కృష్ణకు చేరుతోంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో మళ్లింపు కాలువకు గండ్లు పడి, వెలగలేరు గేట్లు ఎత్తగా విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. పట్టణంలోకి వచ్చిన ఆ నీటిలో తరువాత కిందికి కదిలినది కొల్లేటి దారే పట్టింది. నగరం బుడమేరు ఒడ్డున ఇళ్లు కట్టుకున్నకొద్దీ ఆ ఏరు వెడల్పు తగ్గింది, కాలువ తెచ్చిన భద్రత చూసి ఇంకా ఇళ్లు వచ్చాయి. భద్రత కోసం కట్టిన నిర్మాణమే ప్రమాదంలోకి జనాన్ని రప్పించడం ప్రపంచమంతటా వరద గట్ల వెంట కనిపించే సంగతే. విజయవాడను కాపాడడానికి బుడమేరును వెడల్పు చేసే పనులు చేపట్టేటప్పుడు, అదే వేగంతో వచ్చే నీటికి కొల్లేట్లో స్థలం ఉందా అన్న లెక్క అదే అంచనాలో ఉండాలి. నేను చూసినంతలో డ్రెయిన్ అంచనాలు ఎప్పుడూ కలిసే చోటు దగ్గర ఆగిపోతాయి, సరస్సు మరొక డివిజన్ పరిధి అవుతుంది.

2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడి, కైకలూరు, మండవల్లి వంటి మండలాలు దానిలోకి రావడంతో అంతవరకు రెండు జిల్లాల మధ్య చీలిన సరస్సులో అధిక భాగం ఒకే కలెక్టరు పరిధిలోకి వచ్చింది. ఇది యాదృచ్ఛికంగా జరిగిన మేలు. ఉప్పుటేరు మాత్రం ఇంకా జిల్లాల సరిహద్దుల వెంటే పారుతోంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలి

నా చేతికి ఈ పని అప్పగిస్తే గీతను ముట్టుకోకుండా నాలుగు పనులు ఒకేసారి మొదలుపెడతాను. మొదటిది జిరాయితీ, డి-ఫారం భూముల పరిహారం. దీనికి సాంకేతిక అనుమతి ఏదీ అక్కరలేదు, కావలసింది డబ్బు, సర్వే. రెండోది, సంఘాల చెరువుల గుత్తలను రికార్డులోకి తేవడం. ఎవరు ఎవరికి ఎంతకు ఇచ్చారన్నది నోటిమాట మీద నడిచినంత కాలం, కూల్చివేత భారం పేరున్న సభ్యుడి మీద పడుతుంది, లాభం పేరు లేని పెట్టుబడిదారుకు పోతుంది. మూడోది, పగలగొట్టిన గట్ల మట్టిని ప్రవాహపు ప్రధాన దారుల్లోనైనా పూర్తిగా ఎత్తి, ఆ మట్టితోనే లంక గ్రామాలకు కొద్దిపాటి ఎత్తయిన రోడ్లు, వాటి కింద తగినన్ని ఖానాలు వేయడం. రోడ్డు దక్కుతుందంటే గట్టు పోయినా గ్రామం ఒప్పుకుంటుంది. నాలుగోది, పైఆయకట్టులో ఏ డ్రెయిన్ వెడల్పు చేసినా దాని వల్ల సరస్సుకు పెరిగే ప్రవాహాన్ని లెక్కగట్టి, ఆ మేరకు ఉప్పుటేరు పూడికతీత ఖర్చును అదే పనిలో చేర్చడం. డ్రెయినేజీ సెస్సు నాటి ఆలోచనను పై ఆయకట్టు నుంచి సరస్సు చివర దాకా పొడిగించడమే ఇది.

బెల్టు గ్రామాల్లో వరి చేలను చెరువులుగా మార్చే అనుమతి విషయంలో ఒక చిన్న నియమం చాలా మార్పు తేగలదు. దరఖాస్తు ఒక రైతు పొలం మీద గాక ఒకే బోదెకు దిగే పొలాలన్నిటి మీద కలిపి పరిశీలించాలి. అక్కడ అధిక రైతులు వరే కావాలంటే ఎవరికీ అనుమతి ఇవ్వకూడదు, అధికులు చెరువు కావాలంటే గట్ల చుట్టూ మురుగుకాలువకు స్థలం వదిలాకే ఇవ్వాలి. ఇప్పటి పద్ధతిలో మొదట అడిగినవాడు పక్కవారి తరపున కూడా నిర్ణయం తీసేసుకుంటున్నాడు.

ఇవన్నీ అమలు చేయాలంటే నెలవారీ మట్టం ఎంత ఉండాలో ముందే రాసుకున్న ఒక పట్టిక కావాలి: జూన్‌లో వరదకు చోటు ఉంచేంత తక్కువ, జనవరిలో పక్షులకూ వేటకూ సరిపడేంత, మే నెలలో ఉప్పు ఎక్కకుండా నిలిపేంత. ఆ పట్టిక మీద సంతకం చేయవలసినవారిలో జలవనరుల ఇంజినీరు, అటవీ అధికారి, మత్స్యశాఖ అధికారితో పాటు వలతో వేటాడేవారి ప్రతినిధి, ఏడో కాంటూరు వైపు ఊళ్ల సర్పంచి, పైఆయకట్టు నీటిసంఘం అధ్యక్షుడు ఉండాలి. పెద ఎడ్లగాడి దగ్గర నీటిమట్టం చూపే స్కేలు రోజూ చదివి, ఆ అంకెను అన్ని పంచాయతీ ఆఫీసుల బోర్డు మీద రాయించాలి. తమ ఊరి మట్టానికీ ఎగువన ఎత్తిన గేటుకూ ఉన్న సంబంధం తెలిసిన గ్రామం తరువాతి సమావేశంలో వేసే ప్రశ్నలు, ఇప్పటివరకు కాంటూరు గీత గురించి విన్న ప్రశ్నల కంటే వేరుగా ఉంటాయి.